రాసేవాళ్లు, కట్టేవాళ్లు: ఓపెన్ సోర్స్ స్ట్రాటజీ గేముల సంగతి

వార్‌జోన్ 2100 అనే స్ట్రాటజీ గేమ్ 1999లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని పంప్‌కిన్ స్టూడియోస్ తయారుచేసింది, ఐడాస్ కంపెనీ అమ్మింది. అణుయుద్ధంలో కూలిపోయిన ప్రపంచంలో చమురు బావులు పట్టుకుని, విడిభాగాలతో ట్యాంకులు రూపొందించుకుని శత్రువుతో తలపడే ఆట అది. ఆ తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది. అభిమానులు పట్టు వదలకుండా అడగ్గా అడగ్గా 2004 డిసెంబరు 6న సోర్స్ కోడ్‌ను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద బయటపెట్టారు. అయితే ఆ మూటతో వచ్చిన లైసెన్సు వివరణ దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో తేటగా చెప్పలేదు. కథను నడిపించే వీడియోలు, సంగీతం అందులో లేనే లేవు. 2008 జూన్‌లో హక్కుల సంగతి తేలేవరకు ఆ వీడియోలను ధైర్యంగా పంచే వీలు లేకపోయింది. మూడున్నరేళ్లు ఆట ఉంది, ఆటలోని కథ లేదు.

ఓపెన్ సోర్స్ ఆటల మాట వచ్చినప్పుడు కోడ్ రాసినవాళ్లను తలుచుకుంటాం, బొమ్మలు గీసినవాళ్లను మెచ్చుకుంటాం. వార్‌జోన్ అనుభవం ఇంకో ఇద్దరిని ముందుకు తెస్తుంది. ఆట ఎలా ఆడాలో, అందులో ఏ ఫైలు ఎవరిదో, ఏ షరతు మీద పంచవచ్చో రాసిపెట్టేవారు ఒకరు. ఆ ఆట ఉబుంటులోనో విండోస్‌లోనో ఒక్క నొక్కుతో దిగేలా ప్యాకేజీ కట్టేవారు మరొకరు. ముప్ఫై ఏళ్ల ఓపెన్ సోర్స్ స్ట్రాటజీ గేముల చరిత్రను వరసగా చూస్తూ వస్తే ఇద్దరూ చేసేది ఒకే పని అని నాకు గట్టిగా అనిపిస్తుంది. రాత సరిగా లేనిచోట ప్యాకేజీ ఆగిపోయింది. ప్యాకేజీ సరిగా కట్టనిచోట మాన్యువల్‌లో ఒకటి, తెరమీద ఒకటి అయ్యింది. ఆట తయారైన గదిలో లేని మనిషికి ఆటను అందించడమే ఇద్దరి లక్ష్యం.

మిగతా ఆటలకన్నా స్ట్రాటజీ గేముకు ఈ రాత ఎక్కువ అవసరం. పరుగెత్తి దూకే ఆటలో తప్పు చేస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. ఎత్తుగడల ఆటలో పదో వంతులో చేసిన పొరపాటు నలభయ్యో వంతులో గానీ బయటపడదు. పులిజూదం గీతలు గుడి అరుగుల మీద చెక్కి ఉంటాయి, నియమాలు మాత్రం ఎక్కడా చెక్కి ఉండవు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు నాలుగు ఎత్తులు వేసి చూపిస్తే పిల్లలకు ఆట వచ్చేస్తుంది. కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చున్నవారికి అలా చూపించే మనిషి ఉండరు. 1991లో సివిలైజేషన్ ఆటను పుస్తకమంత మాన్యువల్‌తో కలిపి అమ్మారంటే కారణం ఇదే.

ఆ సివిలైజేషన్ బాటలోనే పుట్టింది ఫ్రీసివ్. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు 1995 నవంబరులో మొదలుపెట్టి 1996 జనవరి 5న తొలి వెర్షన్ విడుదల చేశారు. నెట్‌వర్క్ మీద నలుగురూ కలిసి ఆడుకునే సివిలైజేషన్ కావాలన్నది వాళ్ల కోరిక. ఆ ముగ్గురూ తర్వాత తప్పుకున్నా ఆట నేటికీ నడుస్తోంది. అన్నేళ్లు నిలవడానికి ఒక నిర్ణయం బాగా తోడ్పడింది: నియమాలను కోడ్‌లోంచి బయటికి తీసి రూల్‌సెట్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో పెట్టడం. సైనికులకు ఒక ఫైలు, నేలరకాలకు ఒకటి, కట్టడాలకు ఒకటి, ప్రభుత్వాలకు ఒకటి, వీటన్నిటి ప్రభావాలకు మరొకటి. ప్రోగ్రామింగ్ రాని మనిషి కూడా ఫైలు తెరిచి గోడ ఖర్చు ఎంతో చూడవచ్చు, మార్చవచ్చు.

మాన్యువల్‌కు దీనివల్ల కలిగిన మేలు పెద్దది. ఆటలో హెల్ప్ తెరిస్తే కనిపించే సమాచారంలో చాలా భాగాన్ని ప్రోగ్రామే ఆ రూల్‌సెట్‌ను చదివి అప్పటికప్పుడు తయారుచేస్తుంది. ఫ్రీసివ్ మాన్యువల్ అనే చిన్న పనిముట్టు విడిగా ఉంది. ఏ రూల్‌సెట్ ఇచ్చినా దాని వివరాలను వెబ్ పేజీలుగా అచ్చుపోస్తుంది. నియమం మారితే పుస్తకమూ మారుతుంది.

అయితే యంత్రం తయారుచేసిన పేజీ లెక్కల దగ్గరే ఆగిపోతుంది. ఒక కట్టడం అవినీతిని ఎంత శాతం తగ్గిస్తుందో అది చెబుతుంది. రాజధానికి దూరంగా నగరాలు కట్టుకుంటూ పోతే ఏమవుతుందో, అప్పుడు ఆ కట్టడాన్ని ఎందుకు ముందు కట్టాలో చెప్పదు. ఫ్రీసివ్‌లో సివ్2సివ్3 అనే రూల్‌సెట్ ఒకటుంది. దానితోపాటు పొడవాటి రీడ్‌మీ ఫైలు వస్తుంది. మామూలు నియమాలకు ఇందులోని నియమాలకు ఏం తేడా ఉందో ఒక మనిషి పనిగట్టుకుని రాసిన పత్రం అది. ఆడేవారి వైపు నుంచి చూస్తే ఆ రీడ్‌మీ విలువ వంద యంత్రపు పేజీలకు తక్కువ కాదు. అంకెలు యంత్రానికి అప్పగించి, మనుషుల సమయాన్ని ఇలాంటి రాతకు మిగుల్చుకోవడమే సరైన పద్ధతి.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఆట బ్యాటిల్ ఫర్ వెస్నాత్. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టాడు. ఆరు పలకల గళ్ల మీద వంతులవారీగా నడుస్తుంది. అందులో ఒక్క యూనిట్‌ను దగ్గరగా చూద్దాం. స్పియర్‌మన్ అంటే ఈటె పట్టిన మామూలు సైనికుడు. అతనికి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ధర 14 బంగారు నాణేలు, ప్రాణబలం 36, నడక 5 గళ్లు, ఈటెతో దెబ్బకు 7 చొప్పున మూడు దెబ్బలు, దూరం నుంచి విసరడానికి ఒక బల్లెం. ఈటెకు ఒక ప్రత్యేక గుణం కూడా రాసి ఉంటుంది: ఎదుటివాడు తానే వచ్చి మీద పడినా ఇతని పోటే ముందు తగులుతుంది. ఆట ఆడించేదీ ఈ ఫైలే, హెల్ప్‌లో స్పియర్‌మన్ పేజీని నింపేదీ ఈ ఫైలే, ప్రాజెక్టు వెబ్‌సైటులో యూనిట్ల పట్టికను తయారుచేసేదీ ఇదే. ఎవరైనా ధరను 14 నుంచి 15 చేస్తే ఆ మార్పు మూడు చోట్లా కనిపిస్తుంది. మాన్యువల్‌లో దిద్దడం మరిచిపోయే అవకాశమే ఉండదు.

వెస్నాత్‌కు కొత్తగా వచ్చినవాళ్లు అందరూ చేసే ఫిర్యాదు ఒకటే: అదృష్టం మరీ ఎక్కువ. గడ్డినేల మీద నిలబడ్డ మనిషికి దెబ్బ తప్పే అవకాశం 40 శాతం, ఊరిలో నిలబడితే 60 శాతం. స్పియర్‌మన్ లాంటి ధర్మపక్షపు సైనికుడికి పగలు బలం పావు వంతు పెరుగుతుంది, రాత్రి పావు వంతు తగ్గుతుంది. ఇవి తెలియకుండా రాత్రిపూట గడ్డిలో నిలబడి ఓడిపోతే ఎవరైనా పాచికలనే తిట్టుకుంటారు. వెస్నాత్ దీనికి వెతికిన విరుగుడు చక్కనిది. దాడి చేయబోతుంటే వచ్చే పెట్టెలోనే లెక్కల కిటికీ తెరిచే మీట ఉంటుంది. ఈ పోరు తర్వాత ఎవరికి ఎంత ప్రాణం మిగిలే అవకాశం ఎంతో అక్కడే కనిపిస్తుంది. సందేహం పుట్టిన క్షణంలో, పుట్టిన చోటే జవాబు దొరకడం కన్నా మంచి డాక్యుమెంటేషన్ ఉండదు. ట్యుటోరియల్ కూడా ఇదే దారిలో వెళ్తుంది. కాన్రాడ్‌గానో లీసార్‌గానో మొదలుపెడతాం. ముసలి మాంత్రికుడు డెల్ఫడార్ మనచేత ఒక సాము బొమ్మను కొట్టించి, ఎదురుదెబ్బ అంటే ఏమిటో, ఊరిలో ఆగితే గాయం ఎలా మానుతుందో ఒక్కొక్కటే చూపిస్తాడు.

వెస్నాత్‌కు రెండో రకం పాఠకులున్నారు, వాళ్లను మరిచిపోకూడదు. ఆట ఆడేవారు కొందరైతే, ఆటలో తమ కథలు కట్టుకునేవారు మరికొందరు. వాళ్లకోసం వెస్నాత్ మార్కప్ లాంగ్వేజ్ అనే చిన్న భాష ఉంది. దాని ట్యాగులన్నిటికీ వివరణ వికీలో ఉంటుంది. వికీలకు ఉండే పాత జబ్బు దీనికీ వచ్చింది: ఆటకు ఒకేసారి రెండు మూడు వెర్షన్లు వాడుకలో ఉంటాయి, పేజీ ఒక్కటే ఉంటుంది. ఈ ట్యాగు ఫలానా వెర్షన్ నుంచి మాత్రమే పనిచేస్తుందని పక్కన గుర్తులు పెట్టుకుంటూ నెట్టుకొస్తున్నారు. ఇంతకన్నా గట్టి పరిష్కారాలు రెండు వచ్చాయి. ఒకటి, ఏ ట్యాగులో ఏముండాలో యంత్రం చదవగలిగే నియమపట్టికగా రాసి, ఆట చేతనే తప్పులు పట్టించడం. రెండోది డబ్ల్యూఎంఎల్‌లింట్ అనే పనిముట్టు. ఓపెన్ సోర్స్ ఉద్యమంలో అందరికీ తెలిసిన ఎరిక్ రేమండ్ దీన్ని మొదలుపెట్టాడు. పాత వెర్షన్‌కు రాసిన కథను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చిపెడుతుంది, మార్చలేనిచోట వేలెత్తి చూపిస్తుంది. పాతది ఎలా ఉండేదో, కొత్తది ఎలా ఉండాలో పూసగుచ్చినట్టు తెలిస్తేనే అలాంటి పనిముట్టు రాయగలం. నా లెక్కలో అదీ డాక్యుమెంటేషనే.

మిగతా ఆటలూ ఇంచుమించు ఈ తోవలోనే ఉన్నాయి. 2021 జూన్‌లో 1.0 వెర్షన్‌కు చేరిన వైడ్‌ల్యాండ్స్‌లో ప్రతి తెగకూ ఆటలోనే విజ్ఞానకోశం ఉంది, అది తెగల డేటా నుంచే తయారవుతుంది. అంతరిక్ష సామ్రాజ్యాల ఆట ఫ్రీఓరియన్‌లో దాన్ని పీడియా అంటారు. ఫోన్లలో ఎక్కువగా ఆడే అన్‌సివ్‌లో నియమాలు రాసుకునేవారికి ఇచ్చే పట్టికను కోడ్ నుంచే తీస్తారు. ఫ్రీసివ్ నుంచి విడిపోయిన ఫ్రీసివ్21 వాళ్లు కోడ్ ఉన్న చోటే డాక్యుమెంట్లను కూడా ఉంచి, కోడ్ మార్పుతోపాటు రాత మార్పునూ పరిశీలిస్తున్నారు. శాఖగా విడిపోయిన చిన్న బృందం ఇంత శ్రద్ధ చూపడం మెచ్చుకోదగ్గది.

ఇక ప్యాకేజీల వైపు వద్దాం.

లినక్స్ ప్రపంచంలో ఈ పనికి కొలబద్దగా నిలిచింది డెబియన్. ఏది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, ఏది కాదు అనే మార్గదర్శకాలను 1997 జులైలోనే రాసుకుంది. పూర్తిగా స్వేచ్ఛగా ఉన్నవి మెయిన్‌లో, తాము స్వేచ్ఛగా ఉన్నా స్వేచ్ఛ లేని వేరేదాని మీద ఆధారపడేవి కాంట్రిబ్‌లో, అసలు షరతులకే సరిపడనివి నాన్‌ఫ్రీలో చేరతాయి. ఆటలకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరు, మాన్యువల్ పేజీల్లో ఆటలకోసం ఆరో విభాగం ఉన్నాయి. ప్రతి ప్రోగ్రామ్‌కూ మాన్యువల్ పేజీ ఉండాలన్నది డెబియన్ విధానం. అసలు రచయితలు రాయకపోతే ప్యాకేజీ కట్టేవారే కూర్చుని రాస్తుంటారు. కట్టేవాళ్లు రాసేవాళ్లుగా మారేది మొట్టమొదట ఇక్కడే.

ఒక ఆటను డెబియన్‌లో ఎన్ని ముక్కలు చేస్తారో చూస్తే వెలుపలివారికి వింతగా ఉంటుంది. వెస్నాత్‌నే తీసుకోండి. ప్రోగ్రాము ఒక ప్యాకేజీ, బొమ్మలూ మ్యాపులూ ఒకటి, సంగీతం ఒకటి, సర్వరు ఒకటి, పనిముట్లు ఒకటి, ఒక్కొక్క కథకు ఒక్కొక్కటి. దీనికి కారణముంది. డెబియన్ 12 తొమ్మిది రకాల ప్రాసెసర్లకు విడుదలైంది. ప్రోగ్రాము ఒక్కో ప్రాసెసరుకు ఒక్కోలా ఉంటుంది, బొమ్మ మాత్రం ఎక్కడైనా ఒకటే. అన్నీ ఒకే మూటలో కడితే వందల మెగాబైట్ల బొమ్మలూ పాటలూ సర్వర్లలో తొమ్మిదిసార్లు పేరుకుంటాయి. విడిగా కడితే ఒక్క ప్రతి చాలు. సర్వరు మాత్రమే నడపాలనుకునేవారు సంగీతం దింపుకోనక్కర్లేదు.

ఇంకో చిత్రం, ప్యాకేజీ పేరులోనే వెర్షన్ ఉంటుంది: వెస్నాత్ 1.14, వెస్నాత్ 1.16 అని వేరువేరుగా. వెస్నాత్‌లో రెండో అంకె సరిసంఖ్య అయితే స్థిరమైన వెర్షన్, బేసి అయితే ప్రయోగదశ. ఒక స్థిరమైన వరసలో ఉన్నవాళ్లు ఇంకో వరసలో ఉన్నవాళ్లతో ఆడలేరు. అదనపు కథలను దింపుకునే సర్వరు కూడా ఒక్కో వరసకు విడిగా ఉంటుంది. ఆట దాచుకున్న ఫైళ్లకు సైతం ఒక్కో వరసకు ఒక్కో ఫోల్డరు. కాబట్టి కొత్తది దింపుకోగానే పాతది మాయమైతే, సగంలో ఉన్న కథ పాడైనట్టే. పేరులో వెర్షన్ పెట్టి రెండూ పక్కపక్కన ఉండేలా కట్టడం, ఆడేవారి బాధ ఎరిగినవారు చేసిన పని.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. ఆ మధ్యకాలంలో ఆట వెర్షన్ పెద్దగా మారదు. సర్వర్లకూ కార్యాలయాలకూ ఆ నిలకడ ప్రాణంతో సమానం. నెట్‌లో ఆడేవారికి మాత్రం అది గోడలా అడ్డుపడుతుంది. స్నేహితుడు విండోస్‌లో నిన్న దింపుకున్న వెర్షన్‌కూ, మన దగ్గరున్న ఏడాదిన్నర కిందటి వెర్షన్‌కూ పొసగదు. మాన్యువల్ విషయంలోనూ ఇదే గొడవ. వెబ్‌లో చదివిన కొత్త నియమం మన తెరమీద పనిచేయదు. అందుకే ప్యాకేజీలో ఉన్న వెర్షన్‌కు సరిపోయే మాన్యువల్ ఆ ప్యాకేజీలోనే ఉండాలని నేను పట్టుబడతాను. వికీ లింకు ఇచ్చి చేతులు దులుపుకోవడం చాలదు.

లైసెన్సు రాతకూ ప్యాకేజీకీ ఉన్న ముడి ఎంత బలమైనదో ఓపెన్‌టీటీడీ చరిత్ర చెబుతుంది. క్రిస్ సాయర్ తయారుచేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ను లుడ్విగ్ స్ట్రిగేయస్ విప్పి చూసి, తిరిగి రాసి, 2004లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశాడు. రైళ్లు, బస్సులు, ఓడలు, విమానాలతో రవాణా సామ్రాజ్యం కట్టే ఆట అది. ప్రోగ్రాము స్వేచ్ఛగానే ఉంది గానీ ఆడాలంటే అసలు ఆట డిస్కులోని బొమ్మలు, శబ్దాలు ఉండాల్సి వచ్చేది. అవి కంపెనీ సొత్తు. కాబట్టి డెబియన్‌లో అప్పట్లో దాని చోటు కాంట్రిబ్. ఆ స్థితి మార్చడానికి ఎందరో స్వచ్ఛంద చిత్రకారులు వేల బొమ్మలను ఒక్కొక్కటే మళ్లీ గీశారు. రైలుపెట్టెలు, వంతెనలు, చెట్లు, ఇళ్లు, అన్నీ. ఓపెన్‌జీఎఫ్ఎక్స్ అనే ఆ సంపుటి 2009 చివరికి పూర్తయింది. 2010 ఏప్రిల్ 1న ఓపెన్‌టీటీడీ 1.0 వచ్చింది. అసలు డిస్కు లేకుండానే ఆడగలిగే ఆట అయింది. అలాగే చేసిన శబ్దాల సంపుటికి పెట్టిన లైసెన్సు మాత్రం డెబియన్ షరతులకు సరిపడక, అది చాలాకాలం నాన్‌ఫ్రీలో ఉండిపోయింది. శబ్దాలు చేసినవారి ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న లైసెన్సు పత్రమే అడ్డొచ్చింది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేవారు ఎవరైనా లైసెన్సు గురించి చివర్లో ఆలోచించవచ్చని అనుకుంటే ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే సరిపోతుంది.

బొమ్మకు సోర్స్ అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు ఇంకా అందరూ ఒప్పుకునే జవాబు లేదు. మార్పులు చేయడానికి ఏ రూపం అనువుగా ఉంటుందో అదే సోర్స్ అని జీపీఎల్ ఉద్దేశం. కోడ్‌కు అది తేలికే. బ్లెండర్ అనే పనిముట్టుతో చేసిన రాక్షసుడి నమూనా ఎక్కడో కళాకారుడి కంప్యూటర్‌లో ఉండిపోయి, ఆటలోకి ఒట్టి బొమ్మ మాత్రమే వస్తే? పాటకు విడివిడి వాయిద్యాల ట్రాకులు లేకుండా చివరి ఫైలే వస్తే? చాలా ఆటలు ఈ ప్రశ్నను పక్కకు నెట్టేశాయి. కనీసం ఎవరు చేశారో, ఏ లైసెన్సో రాసిపెట్టడం అందరూ చేయగలిగిన పని. వెస్నాత్ ప్రాజెక్టులో కాపీరైట్ల పట్టిక ఒకటుంది. ఒక్కో వరసలో ఒక్కో బొమ్మ లేదా శబ్దం ఫైలు, చేరిన తేదీ, లైసెన్సు, రచయిత పేరు ఉంటాయి. చూడ్డానికి జమాఖర్చుల పద్దులా పొడిగా ఉంటుంది. పాతికేళ్ల తర్వాత ఆ ఆటను చేతిలోకి తీసుకునేవారికి దానికన్నా విలువైన ఫైలు మరొకటి ఉండదు. డెబియన్ ప్యాకేజీలో కాపీరైట్ ఫైలు రాసేవారు ఇలాంటి పట్టిక లేని ఆటల్లో ఒక్కో ఫోల్డరూ తవ్వి, పాత ఈమెయిళ్లు వెతికి, రచయితల ఆచూకీ పట్టుకోవాల్సి వస్తుంది.

జీరో ఏ.డి. తెచ్చిపెట్టిన సమస్య ఇంకో రకం. వైల్డ్‌ఫైర్ గేమ్స్ బృందం 2009 జులైలో దాని కోడ్‌ను జీపీఎల్ కింద, కళను క్రియేటివ్ కామన్స్ కింద తెరిచింది. గ్రీకులు, రోమన్లు, పర్షియన్లు, మన మౌర్యులు తలపడే పురాతన యుద్ధాల ఆట. ఆట నియమాలు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి, దాన్ని నడిపేది మొజిల్లా వారి స్పైడర్‌మంకీ. నెట్‌లో ఆడేటప్పుడు ప్రతి కంప్యూటరూ యుద్ధం మొత్తాన్ని తనంతట తానే లెక్కగడుతుంది. అందరి లెక్కా అక్షరాలా ఒకటే రావాలి. అందుకని ఆట తనకు కావలసిన స్పైడర్‌మంకీ వెర్షన్‌ను తనతోనే మోసుకొస్తుంది. లినక్స్ పంపిణీలకు ఇది మింగుడుపడదు. ఒకే లైబ్రరీకి పది ప్రతులుంటే, భద్రతాలోపం బయటపడ్డ రోజున పది చోట్ల సరిచేయాలి. పైగా పాత స్పైడర్‌మంకీని కట్టే స్క్రిప్టులు కొత్త పైథాన్‌తో పనిచేయక, ఆటలో ఒక్క అక్షరం మారకపోయినా ప్యాకేజీ కట్టడం ఆగిపోయే పరిస్థితి వస్తుంది. ఇద్దరి వాదనలోనూ బలముంది. నాకైతే ఆట వైపు వాదనే ఇక్కడ ఎక్కువ సబబుగా తోస్తుంది. ఆటగాళ్ల లెక్కలు కలవకపోతే ఆ ఆట ప్యాకేజీలో ఉండి ఏం లాభం? అయితే ఏ వెర్షన్, ఎందుకు, దానికి ఏ మార్పులు చేశారు అన్నది స్పష్టంగా రాసి ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం ఆట తయారుచేసేవారిదే.

ఈ గొడవలన్నిటికీ దాటుదారిగా వచ్చింది ఫ్లాట్‌పాక్. 2018లో 1.0 వెర్షన్‌కు చేరింది. ఆట తయారుచేసేవారే ఒక్కసారి కడితే అన్ని లినక్స్‌ల మీదా నడుస్తుంది, వెర్షన్ తాజాగా ఉంటుంది. స్నాప్, యాప్‌ఇమేజ్ కూడా అలాంటివే. వెస్నాత్ 2018 మేలో 1.14తో స్టీమ్‌లోకీ వెళ్లింది. ఆటగాళ్లకు ఇది మంచిరోజు. నాకు బెంగగా ఉన్నది ఒక్కటే: మధ్యలో పరిశీలించే మూడో మనిషి తగ్గిపోతున్నాడు. ఓపెన్‌టీటీడీ శబ్దాల లైసెన్సు షరతులకు సరిపడదని తేల్చింది పంపిణీల వైపు నుంచి చూసిన కళ్లే. రెండు దారులూ ఉండాలి. ఫోన్లలో ఎఫ్-డ్రాయిడ్ ఈ రెంటినీ కలుపుతోంది: అన్‌సివ్ లాంటి ఆటలను సోర్స్ నుంచి తానే కట్టి ఇస్తుంది.

యాపిల్ వైపు కథ వేరు. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 10.15 నుంచి యాపిల్ ఆమోదముద్ర లేని ఆట హెచ్చరిక లేకుండా తెరుచుకోదు. ఆ ముద్రకు డెవలపర్ ఖాతా కావాలి, ఏడాదికి 99 డాలర్లు. ఆదాయం లేని స్వచ్ఛంద బృందానికి అది చిన్న ఖర్చు కాదు. ఐఫోన్ల సంగతైతే ఇంకా బిగుతు. గో ఆట ఆడే జీఎన్‌యూ గో విషయంలో యాప్ స్టోర్ షరతులు జీపీఎల్‌కు విరుద్ధమని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2010లో అభ్యంతరం చెబితే, యాపిల్ షరతులు మార్చలేదు, ఆటనే తీసేసింది.

మన భాష దగ్గరికి వస్తే రాతా మూటా ఇంకా గట్టిగా పెనవేసుకుంటాయి. తెలుగు అక్షరాలు తెరమీద సరిగ్గా పడాలంటే వత్తులు, గుణింతాలు కూర్చే లైబ్రరీ కావాలి. వెస్నాత్ వాడే పాంగో ఆ పని చేస్తుంది. ఫ్రీసివ్‌లో జీటీకే అనే లైబ్రరీతో కట్టిన రూపానికీ అదే ఆధారం. ఎస్‌డీఎల్ అనే ఇంకో లైబ్రరీ మీద కట్టిన రూపాల్లో చాలాకాలం ఆ కూర్పు లేదు. అక్కడ క్ష, స్త్ర లాంటివి విడివిడి ముక్కలుగా పడతాయి. కూర్పు ఉన్నా ఫాంటు లేకపోతే డబ్బాలే. డెబియన్‌లో లోహిత్, పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీలుగా దొరుకుతాయి, ఆట ప్యాకేజీ వాటిని సిఫారసు చేస్తే చాలు. విండోస్ మూటలో అలా సిఫారసు చేసే వీలు లేదు, ఫాంటును లోపలే పెట్టాలి. అనువాదం ఎంత బాగా చేసినా ఈ ఒక్క ఫాంటు వరస మరిచిపోతే ఆటగాడికి కనిపించేది ఖాళీ గళ్లే.

అనువదించేవారికి కోడ్ రాసేవారు వదిలే చిన్న గమనికలు కూడా డాక్యుమెంటేషన్‌లో భాగమే. ఆటలో వచ్చే వాక్యాల్లో యూనిట్ పేరు పడే ఖాళీలు ఉంటాయి. తెలుగులో విభక్తి పేరుకే అతుక్కుని రూపం మార్చేస్తుంది: గుర్రం గుర్రానికి అవుతుంది, సైనికుడు సైనికుడికి అవుతాడు. ఆ ఖాళీలో ఏమేం పడతాయో గమనికలో రాసి ఉంటే వాక్యాన్ని ఇంకోలా తిప్పి రాసుకోవచ్చు. రాయకపోతే చీకట్లో బాణం వేసినట్టే.

తెలుగువారికి చేయిపెట్టడానికి చోట్లు బాగానే ఉన్నాయి. జీరో ఏ.డి.లో మౌర్యులకు చంద్రగుప్తుడు, చాణక్యుడు, అశోకుడు వీరులు. అశోకుడి శాసన స్తంభం కట్టుకోవచ్చు. ప్రతి యూనిట్‌కూ ఆనాటి భాషలో ఒక పేరు, ఇంగ్లిష్‌లో ఒక పేరు ఎక్స్‌ఎంఎల్ టెంప్లేట్లలో రాసి ఉంటాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చదివి పాఠం చెప్పగల అధ్యాపకులు మన కాలేజీల్లో ఉన్నారు. ఆ పేర్లు, వివరణలు సరిచూసి దిద్దుబాటు పంపడానికి వాళ్లకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే, మెనూలో ఆట పేరు కింద కనిపించే ఒక్క వాక్యపు పరిచయం ఉంటుంది. ప్రతి ప్యాకేజీలోనూ అది ఉండే చిన్న ఫైలులో తెలుగుకు ఒక వరస చేర్చవచ్చు.

ఎప్పుడు పంపాలో మాత్రం తెలుసుకుని పంపాలి. వెస్నాత్ లాంటి ప్రాజెక్టులు స్థిర విడుదలకు ముందు వాక్యాలను మార్చడం ఆపేస్తాయి. దాన్ని స్ట్రింగ్ ఫ్రీజ్ అంటారు. అనువాదకులు ఊపిరి తీసుకుని పని పూర్తిచేయడానికి ఇచ్చే గడువు అది. ఆ గడువులోగా చేరిన తెలుగు ఆ విడుదలతోపాటే ప్యాకేజీల్లోకి వెళ్తుంది. ఆ తర్వాత చేరినది ఫ్లాట్‌పాక్, స్టీమ్ వాడేవారికి తర్వాతి చిన్న విడుదలలో అందుతుంది. డెబియన్ స్థిర విడుదల మీద నడిచే కాలేజీ ల్యాబుల్లో పిల్లలకు మాత్రం ఇంకో రెండేళ్లకు గానీ అందదు.